ఒడ్డున పడ్డ నీలవేణి

అనగనగా ఒక రేవు. ఆ రేవు చివర, జనం తిరగని చోట, మూడు ముసలి యుద్ధనౌకలు ఉండేవి. వాటి ఫిరంగులు విప్పేశారు. జెండాలు దించేశారు. ఒంటి మీది పేర్లు కూడా గీకేశారమ్మా, ఎంత అన్యాయమో చూడు. ఇక వాటిని ముక్కలు చేసి తుక్కుకి అమ్మడమే మిగిలింది.

వాటికి కాపలా కొర్లయ్య అని ఒక ముసలాయన. తుక్కు సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. మూడో ఓడ పేరు నీలవేణి. వయసులో ఉన్నప్పుడు ఆయన దాంట్లోనే ఇరవై ఏళ్ళు వంట చేశాడు. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. పొద్దున్నే వచ్చి ఓడల అడుగున ఊరిన నీళ్ళు తోడేవాడు. ఆ తర్వాత నీలవేణి పక్కన కూర్చుని, చద్దన్నం తింటూ దాంతో కబుర్లు చెప్పేవాడు. ఓడలు మాట్లాడతాయా అని అడుగుతావేం? వినేవాళ్ళుంటే మాట్లాడతాయి.

ఒక పున్నమికి ఆఫీసు మనిషి వచ్చాడు. ఈ పోటుకి మొదటి ఓడ ఒడ్డున పడుతుందని చెప్పి వెళ్ళిపోయాడు. కొర్లయ్యది చేపలు పట్టేవాళ్ళ పేట. తుఫానులో చిక్కిన పడవ క్షేమంగా ఇల్లు చేరితే, వాళ్ళు ఒడ్డున పడిందంటారు. ఆడవాళ్ళు ఎదురెళ్ళి పడవ ముక్కుకి పసుపునీళ్ళు పోస్తారు. అందుకని ఆ పిచ్చి తండ్రి, ఓడకి మంచి రోజులొచ్చాయనుకున్నాడు. సంబరంగా కొబ్బరికాయ కొట్టి సాగనంపాడు.

రెండో పున్నమికి రెండో ఓడ వెళ్ళింది. దానికీ కొబ్బరికాయ కొట్టాడు.

అప్పుడు నీలవేణి ఒక్కతే మిగిలింది. ఇన్నాళ్ళూ కెరటం వస్తే పక్క ఓడకి ఒళ్ళు రాసుకునేది. ఇప్పుడు రాసుకోవడానికి గోడ తప్ప ఏమీ లేదు. వెళ్ళినవాటి కబురూ లేదు. దానికి బెంగ పట్టుకుంది. తనని ఒక్కదాన్నే పంపేస్తావా అని కొర్లయ్యని అడిగింది.

"నువ్వు ఒడ్డున పడీదాకా నీ కూడానే ఉంటాను తల్లీ," అన్నాడు కొర్లయ్య.

మూడో పున్నమికి నీలవేణి వంతు వచ్చింది. కొర్లయ్య ఆఫీసు మనిషిని బతిమాలి, బామాలి, ఓడెక్కాడు. ఒక సీసాలో పసుపునీళ్ళు కూడా పట్టుకున్నాడు. చిన్న ఓడ ఒకటి ముందు నడుస్తూ నీలవేణిని తాడుతో లాక్కెళ్ళింది. మధ్యాహ్నం పోటు మీద దాన్ని ఒక ఇసక తీరానికి ఎక్కించారు.

అక్కడ ఎదురొచ్చిన ఆడవాళ్ళు లేరు. ఇనుము కోసే మనుషులున్నారు. మొదటి ఓడకి పక్కటెముకలే మిగిలాయి. రెండోదానికి సగం ఒళ్ళు లేదు. ఆ రెంటినీ తన చేత్తోనే, నవ్వుతూ పంపాడు కదా! తలుచుకుని కొర్లయ్య ఏడ్చాడు.

"మనం ఒడ్డున పడ్డామా, కొర్లయ్యా?" అని అడిగింది నీలవేణి.

అవునని ఊరుకుంటే సరిపోయేది. కానీ అబద్ధం చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు.

"ఈ ఒడ్డు అలాటిది కాదు తల్లీ. ఇక్కడికొచ్చినోళ్ళు మళ్ళీ నీళ్ళలోకి ఎళ్ళరు. నాకూ ఇప్పుడే తెలిసినాది."

నువ్వు వెళ్ళిపోతావా అని మాత్రం అడిగింది నీలవేణి. కొర్లయ్య నిచ్చెన మీద నుంచి ఇసకలోకి దిగి, దాని ముక్కుకి పసుపునీళ్ళు పోశాడు. కోసేవాళ్ళు చూసి, చెప్పులు విప్పి పక్కన నిలబడ్డారు. మిగిలిన నీళ్ళు ఆ రెండు ఓడలకీ పోసి, వాటి పేర్లు పెట్టి పిలిచి క్షమించమన్నాడు.

ఆ తర్వాత ఆయన రేవుకి వెళ్ళలేదు. నీలవేణిని నలభై రోజులు కోశారు. నలభై రోజులూ దానికి కనపడేలా ఇసకలో కూర్చున్నాడు. మొదట్లో అది మాట్లాడేది. తర్వాత ఊ కొట్టేది. ఆ తర్వాత అదీ లేదు. అయినా ఆయన కబుర్లు మానలేదు.

ఆఖరి రేకు లారీ ఎక్కాక, ఇంకా ఎవరి కోసం కూర్చున్నావని కోసేవాళ్ళు అడిగారు.

"ఇప్పుడు పడినాది ఒడ్డున," అని కొర్లయ్య లేచాడు.

కథ పోయె కంచికి,
కెరటం పోయె కడలికి,
నువ్వూ నేనూ ఇంటికి,
నిద్దర రావాలి కంటికి.