ఇంటిలెక్కల దొంగ

కొట్రయ్యకు ఆ పూట అన్నం సహించలేదు. బడిలో పిల్లలందరి పలకల మీదా ఒకే జవాబు. అదీ తప్పు జవాబు.

ఒప్పు జవాబు అందరికీ ఒకటే వచ్చిందంటే సరే, ఒప్పు ఎప్పుడూ ఒకటే ఉంటుంది. తప్పులు మాత్రం నూటొక్క రకాలుండాలి కదా. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చేసిన లెక్కలో అందరికీ ఒకే తప్పు ఎలా వస్తుంది? ఎవడో ఒకడు చేశాడు, మిగతావాళ్ళు చూసి రాశారు. అలా అనుకున్నాడు కొట్రయ్య. ఆయన్ని తప్పు పట్టను. నాకూ మనుషుల మీద నమ్మకం తక్కువే, నేనున్నా అలాగే అనుకునేవాణ్ణి.

ఆదోని వైపు రాళ్ళగుట్టల మధ్య ఒక చిన్న మఠం. అందులో మరుళయ్యస్వామి లెక్కల బడి నడిపేవారు. కొట్రయ్య ఆయనకు పెద్ద శిష్యుడు. స్వామికి చూపు మందగించాక పాఠం చెప్పడం, ఇంటిలెక్కలు ఇవ్వడం, వాటిని దిద్దడం అన్నీ కొట్రయ్య చేతికొచ్చాయి. తన తర్వాత బడి ఎవరిదో స్వామి ఇంకా నోరు విప్పి చెప్పలేదు. అది కూడా కొట్రయ్యను లోపల్లోపల కొరుకుతూనే ఉండేది.

ఆ బడిలో ఇంటిలెక్కకు ఒక పద్ధతుంది. సాయంత్రం లెక్క నోటితో చెప్పి పంపుతారు. పిల్లలు ఇంటి దగ్గర నేల మీద ఇసుక పోసుకుని వేలితో చేస్తారు. ఒక మెట్టు అయిపోగానే అరచేత్తో చెరిపి, అదే చోట తర్వాతి మెట్టు. ఆఖరికి మిగిలిన జవాబును పలక మీద రాసుకుని పొద్దున తెస్తారు. జవాబు తప్ప పలక మీద ఇంకో గీత కనిపించిందా, కొట్రయ్య బెత్తం తీసేవాడు. పలక శుభ్రంగా ఉంటే బుర్ర శుభ్రంగా ఉన్నట్టని ఆయన నమ్మకం.

ఆ రోజు ఇచ్చిన లెక్క ఇది. మఠం వాకిలి నుంచి వాగు దాకా తిన్నని దారి, అరవై బారలు. దారికి ఒక పక్కన ఐదు బారలకొక వేపమొక్క నాటాలి. ఈ చివరా ఆ చివరా కూడా మొక్క ఉండాలి. మొత్తం ఎన్ని మొక్కలు కావాలి? జవాబు పదమూడు. పలకల మీద వరసగా పన్నెండు, పన్నెండు, పన్నెండు.

కొట్రయ్య అందరినీ నిలబెట్టాడు. "ఎవరిది చూసి ఎవరు రాసినారు?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం కూడా ఆయనకు రుజువుగానే తోచింది. తప్పు ఎక్కడుందో కూడా చెప్పలేదు. దొంగలకు లెక్క విప్పి చెప్పడమేమిటని కోపం.

మర్నాటి నుంచి ఒక్కొక్కరికి ఒక్కో లెక్క ఇవ్వడం మొదలుపెట్టాడు. చూసి రాయడానికి లేకుండా అన్నమాట. అంకెలు పెంచాడు, లెక్కల సంఖ్య కూడా పెంచాడు. కొందరు ఒప్పులు తెచ్చారు, కొందరు ఉత్త పలకలు తెచ్చారు. ఒప్పు తెచ్చినవాడికి ఇంట్లో ఎవరో చెప్పారని అనుమానం. ఉత్త పలక తెచ్చినవాడికి చెప్పేవాళ్ళు ఆ పూట దొరకలేదని అనుమానం. ఇక పిల్లలు తప్పించుకునే దారేముంది?

బడి రూపే మారిపోయింది. ఇద్దరు నవ్వుకుంటే కొట్రయ్య వెనక్కి తిరిగి చూసేవాడు. ఇద్దరు నవ్వుకోకపోతే ఇంకా ఎక్కువగా చూసేవాడు. పిల్లలకూ ఒకళ్ళ మీద ఒకళ్ళకు నమ్మకం పోయింది. పలకను పొట్టకు ఆనించి పట్టుకుని, పక్కవాడికి వీపు పెట్టి కూర్చోవడం నేర్చుకున్నారు. లెక్కలు తప్ప అన్నీ నేర్చుకుంటున్నారు పాపం.

ఒక సాయంత్రం కొట్రయ్య వాళ్ళ వెంట వెళ్ళాడు. వెంట అంటే దూరంగా, గోడల చాటున. పెద్దమనిషి చేయాల్సిన పనేనా అది? అయినా వెళ్ళాడు. దీపాలు పెట్టే వేళకు పిల్లలు ఒక్కొక్కరే ఇళ్ళల్లోంచి బయటికొచ్చి గానుగ సంగప్ప పాకలో చేరారు. పాక మధ్యలో ఈరమ్మ కూర్చుని ఉంది. సంగప్ప కూతురు, బడిలో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల. నేల మీద వేలితో ఏదో గీస్తోంది, చుట్టూ తలకాయలన్నీ వంగి ఉన్నాయి.

కొట్రయ్య తెలకపిండి బస్తాల వెనక నక్కి అదంతా చూశాడు. గానుగెద్దు ఆయన్ని చూసి గట్టిగా ఒక నిట్టూర్పు విడిచింది. పిల్లలు తలెత్తారు. ఇక దాక్కుని లాభం లేదని కొట్రయ్య లేచి ముందుకొచ్చాడు.

"నువ్వేనా దీనికంతా పెద్ద?" అన్నాడు ఈరమ్మతో.

ఈరమ్మ గబగబా నేల మీది గీతలన్నీ అరచేత్తో చెరిపేసింది. అది చూశాక కొట్రయ్య అనుమానం గట్టిపడిపోయింది. చెరపమని నేర్పింది తనేనన్న సంగతి ఆ క్షణాన ఆయనకు తట్టలేదు.

"సంగప్పా, రేపటి నుంచి నీ బిడ్డను పంపొద్దు. స్వామితో మాట్లాడి ఆఖరి మాట చెప్తాను," అని వెళ్ళిపోయాడు.

ఈ మాట ఎంత బరువో చెప్పాలి. ఆడపిల్లకు లెక్కలెందుకని సంగప్ప మొదట్లో ససేమిరా అన్నాడు. మరుళయ్యస్వామి స్వయంగా పాకకు వచ్చి అడిగితే, మొహమాటానికి ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, "ఒక్క మాట పడినా మాన్పిస్తాను స్వామీ, మళ్ళీ అడగొద్దు," అన్నాడు. మనిషి మాటంటే మాటే. ఈరమ్మకేమో ఎద్దు వెనక తిరుగుతూ కూడా ఎక్కాలు చదువుకునే పిచ్చి. ఇప్పుడు దొంగ అనిపించుకుని బడి మానేస్తే ఆ గుమ్మం మళ్ళీ తొక్కేది లేదు. ఆ రాత్రి తిండి మాని మూల కూర్చుంది.

పొద్దున్నే కొట్రయ్య స్వామి దగ్గరికి వెళ్ళాడు. "మూలం దొరికింది స్వామీ. ఆ పిల్లే. ఆమెను పంపించేస్తే బడి బాగుపడుతుంది," అన్నాడు.

స్వామి అంతా విన్నారు. పక్కనున్న ఇసుక పలకను కొట్రయ్య ముందుకు నెట్టారు. "ఇరవై మూడును ముప్పై ఏడు పెట్టి గుణించు," అన్నారు.

ఇదేం సందర్భమని కొట్రయ్యకు విసుగొచ్చింది. అయినా గురువు మాట. చకచకా గుణించాడు, చెరిపాడు, కూడాడు, చెరిపాడు. బలపంతో పలక మీద ఎనిమిది వందల యాభై ఒకటి అని రాసి ఇచ్చాడు.

స్వామి పలకను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశారు. కొట్రయ్య వంక చూశారు. తర్వాత లేచి తలుపు వెనక చూశారు. కిటికీలోంచి తల బయటపెట్టి అటూ ఇటూ చూశారు. తిరిగొచ్చి కూర్చుని మెల్లగా అడిగారు.

"ఎవరు చెప్పినారప్పా నీకు?"

"నేనే చేసినాను స్వామీ. మీ ఎదురుగానే కదా."

"అట్లాగా. యాడ చేసినావో చూపించు."

కొట్రయ్య ఇసుక వైపు చూశాడు. ఇసుక నున్నగా ఉంది.

ఆయన మొహం ఎర్రబడింది. "ఇన్నేళ్ళు మీ కాళ్ళ దగ్గర ఉన్నాను. నన్ను కూడా అనుమానిస్తారా?" అన్నాడు. గొంతులో బాధ వినిపించింది. అది నిజమైన బాధే.

"నా మసక కళ్ళతో అయినా ఎదురుగా చూసినాను. అయినా నమ్మకం కుదరలేదు నాకు," అన్నారు స్వామి. "ఇయ్యాల పిల్లలకు ఆ వేపమొక్కల లెక్కే మళ్ళీ ఇవ్వు. జవాబు పదమూడని నువ్వే చెప్పి పంపు. ఎట్లా వచ్చిందో చేసి, చెరపకుండా ఉంచమను. రేపు మనమే పోయి చూద్దాం."

జవాబు ముందే చెప్పేస్తే ఇక ఇంటిలెక్క ఏముంటుంది? స్వామికి వయసు మీద పడిందేమోనని కొట్రయ్యకు ఒక అనుమానం వచ్చింది. ఇంతమందిని అనుమానించినవాడు గురువును మాత్రం ఎందుకు వదులుతాడు? అయినా చెప్పినట్టే చేశాడు. ఈరమ్మ ఆ రోజు బడికి రాలేదు. లెక్క మాత్రం ఎవరి నోటి ద్వారానో గానుగ పాకకు చేరింది.

మర్నాడు గురుశిష్యులిద్దరూ బయల్దేరారు. మొదట కరణంగారిల్లు. వాళ్ళ గురుపాదం ఇసుకలో లెక్క పొందికగా, పదమూడు దాకా ఉంది. అరుగు మీద కరణంగారి తండ్రి కూర్చుని గోళ్ళలోంచి ఇసుక తీసుకుంటున్నాడు. ఆఖరి మెట్టు ఎలా వచ్చిందిరా అని అడిగితే గురుపాదం తాత వైపు చూశాడు.

"చూసినారా స్వామీ," అన్నాడు కొట్రయ్య గుసగుసగా, కాస్త సంతోషంగానే.

"చూసినా. తాతకు లెక్కలు బాగా వచ్చు," అన్నారు స్వామి, నడుస్తూనే.

తర్వాత గొర్రెల బీరప్ప ఇల్లు. పిల్లవాడు అప్పటికే మందతో గుట్టకు వెళ్ళిపోయాడు. దొడ్లో ఒక మూల లెక్క ఉంది, సగం మీద గొర్రెలు నడిచాయి. "రేత్రి దీపం లేదు సామీ. తెల్లారగట్ట లేచి గీకినాడు. పదమూడు యాడిదీ యాడిదీ అని నన్ను నిద్రపోనీలేదు," అంది తల్లి. మిగిలిన సగంలో అరవైని ఐదుతో భాగించి పన్నెండు అని ఉంది. దాని కింద మళ్ళీ అదే భాగారం. దాని కింద మళ్ళీ అదే.

ఈ ఇంట్లో చెప్పేవాళ్ళెవరూ లేరని చూస్తేనే తెలుస్తోంది. ఇన్నాళ్ళూ కరణంగారి కొడుకునీ వీడినీ ఒకే బెత్తంతో కొలుస్తున్నానని కొట్రయ్యకు మొదటిసారి తోచింది.

ఇంకో ఇంటికి వెళ్ళారు, ఆ తర్వాత ఇంకో ఇంటికి. ఎక్కడ చూసినా అరవై బై ఐదు, పన్నెండు. అక్కడి దాకా అందరూ ఒకే దారిన తిన్నగా వచ్చారు. అక్కడే ఆగిపోయారు. జవాబు చేతిలో పెట్టి పంపినా దాన్ని ఎలా చేరాలో ఒక్కరికీ తెలియలేదు. కొట్రయ్య నడక నెమ్మదించింది. వీళ్ళంతా చూసి రాస్తే ఈ పాటికి పదమూడు ఎలాగో ఒకలా రాబట్టేవాళ్ళే కదా అని ఒక ఆలోచన వచ్చింది, పోనని కూర్చుంది.

చివరికి గానుగ పాక. సంగప్ప గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపల ఈరమ్మ కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. ఇసుకలో ఒక పక్క భాగారం, పన్నెండు. దాని పక్కన చింతగింజలు. కొన్ని ఒక రోలు చుట్టూ గుండ్రంగా, కొన్ని గోడ వెంబడి తిన్నగా.

"ఏందమ్మా ఇది?" అన్నారు స్వామి.

ఈరమ్మ కొట్రయ్య వైపు బెదురుగా చూసింది. "గుండ్రంగా పెడితే పన్నెండు గింజలు సరిపోతుండాయి స్వామీ. మొదలూ చివరా ఒకటే కదా అక్కడ. తిన్నగా పెడితే చివర ఒకటి ఎక్కువ కావాల. అదే పదమూడు."

"మరి ముందు పన్నెండని ఎందుకు రాసినావు?"

"అయ్యవారు బావి చుట్టూ చెట్ల లెక్క చెప్పినారు కదా. దూరాన్ని ఎడంతో భాగిస్తే చాలు, అన్ని చెట్ల లెక్కలకూ ఇదే సూత్రం, ఇంక ఆలోచించే పనిలేదు అన్నారు. అట్లే చేసినాము."

ఆ మాట కొట్రయ్యదే. పాఠం తొందరగా ముగించాలని ఒకరోజు అన్నాడు.

"మొన్న ఇక్కడ అందరూ చేరి ఏం చేస్తుంటిరి?" స్వామి మళ్ళీ అడిగారు.

"తప్పు ఏదో అయ్యవారు చెప్పలేదు స్వామీ. అడిగితే కొడతారని భయం. మా పాకలో అయితే దీపముంటుంది. అందుకే అందరం కూచుని ఎతుకుతుంటిమి. జవాబు తెలీదు కాబట్టి దొరకలా. నిన్న తెలిసినాక దొరికింది."

సంగప్పకు ఈ గుండ్రంగా, తిన్నగా ఏవీ అర్థం కాలేదు. అతనికి కావలసింది ఒక్క మాట. "స్వామీ, దొంగతనం తేలిందా, లేదా?" అన్నాడు. "తేలితే నా బిడ్డను ఈ పొద్దే మాన్పిస్తాను."

"తేలింది సంగప్పా," అన్నారు మరుళయ్యస్వామి. "కొట్రయ్య అనుమానం నిజమే. పిల్లలందరూ ఒక్కరిని చూసే రాసినారు."

ఈరమ్మ తల వంచుకుంది. సంగప్ప కట్టుకున్న చేతులు విప్పాడు. "ఎవరిని చూసి స్వామీ?"

స్వామి గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ ఉండిపోయారు.

"నన్ను చూసి," అన్నాడు కొట్రయ్య. "బిడ్డను రేపు ఆ గింజలతో కొంచెం పెందలాడే పంపు సంగప్పా."