సానరాయి కొండలు

తుమ్మలవాగుకి ఇవతల గవరయ్య అనే అడవిదున్న మంద, అవతల సన్నాసి అనే దున్న మంద. మామూలు రోజుల్లో ఎవరి మేత వాళ్ళది. రేచుకుక్కలు వస్తే మాత్రం రెండు మందలూ వాగులో కలిసి, దూడల్ని నడుమ పెట్టి, చుట్టూ కొమ్ములు చాచి నిలబడేవి. ఏళ్ళ తరబడి ఒక్క దూడ కూడా పోలేదు.

వాగు మధ్య లంకలో పచ్చిక ఏపుగా పెరిగిన ఏడు ఆ పొత్తు చెడింది. "లంక నాది" అన్నాడు గవరయ్య. "మీ తాత రాసిచ్చాడా?" అన్నాడు సన్నాసి.

నక్క కొండలుకి కావలసిందీ అదే. సానరాయి ఒకటి నోట కరుచుకుని గవరయ్య దగ్గరికొచ్చాడు.

"మావా, సన్నాసి కొమ్ములు చూశావా? సూదులే! నిన్న నేనే పదునుపెట్టా."

గవరయ్యకి కడుపు మండిపోయింది. "వాడికి చేశావా? నాకు చెప్పకుండానే?"

"నువ్వడగలేదుగా!"

"ఇప్పుడడుగుతున్నా. వాడికంటే వాడిగా ఉండాలి. కూలేం కావాలి?"

"నీ అభిమానం చాలు మావా."

మర్నాడు కొండలు అవతలి గట్టున ఉన్నాడు. "బాబాయ్, గవరయ్య నిన్ను మించిపోయాడు!" సన్నాసి తల వంచి కొమ్ములు అప్పగించాడు. ఇలా ఆ ఎండాకాలమంతా సాగింది; వీళ్ళని చూసి రెండు మందల్లోని మిగతావీ కొమ్ములు పదునుపెట్టించుకున్నాయి.

అడవిపంది మొదట సన్నాసి పక్షాన చేరింది. గవరయ్య తన బురదగుంట చూపించేసరికి ఇటు దూకింది. అవతల ఇంకా పెద్ద గుంట ఉందని తెలిసి మళ్ళీ అటే పోయింది. ఆ రోజు గవరయ్య మేత ముట్టలేదు.

"ఏవయ్యా," అంది అతని పెళ్ళాం ముత్యాలు, "పదును సరే, పొడుగేదీ? రాయి తగిలినప్పుడల్లా కొమ్ము అరిగిపోతోంది. మన దూడకి అడ్డం నిలబడేది దేంతో?"

"నోర్ముయ్. వాడి కొమ్ములు తళతళలాడుతుంటే నాకు కునుకు పట్టట్లేదు."

చివరికి రెండు మందల్లోనూ కొమ్ములు వంకాయ ముచ్చికలంత మిగిలాయి. అప్పుడు కొండలు రేచుకుక్కల దగ్గరికెళ్ళి, "ఇక రండి. తిని వదిలేసింది నాకుంచండి, చాలు" అన్నాడు.

మిట్టమధ్యాహ్నం కుక్కలు దిగాయి. వాగులో కలవడానికి ఎవరూ ముందు కదల్లేదు. గవరయ్య ఒక్కడే తల వంచి కుమ్మాడు. కొమ్ము కుక్కకి అందనేలేదు. దూడ అరుపు కాసేపు వినిపించి ఆగిపోయింది. అవతలి గట్టునా అంతే. కొండలు మూతి నాక్కుంటూ కుక్కల వెనకే పోయాడు.

ముత్యాలు నేల మీద పడి ఏడుస్తోంది. గవరయ్య కళ్ళలోంచీ నీళ్ళు కారుతున్నాయి. ఆ కళ్ళతోనే అవతలి గట్టుకేసి చూశాడు.

"ముత్యాలూ, ఒక్కసారి సరిగ్గా చూసి చెప్పు. వాడి కొమ్ము నాకంటే పొట్టే కదూ?"

నీతి: పక్కవాడి కొమ్ములు కొలుస్తూ కూర్చున్నవాడికి తన దూడ కనిపించదు.