శనివారం తూర్పు ప్రయాణం

ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు నరహరి శాస్త్రిగారికి లేదు. ప్రశ్న విని, అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయించేవారు. మంథనిలో ఆయన అరుగు మీద ఉపనిషత్తులు చదువుకున్న వాళ్ళమందరం ఆ పనులు చేసినవాళ్ళమే. నేను ఒక వేసవంతా బావిలో పూడిక తీశాను. ఏం అడిగానో ఇప్పుడు అనవసరం.

మాతోపాటు చదువుకునే దామోదర్ నీటిపారుదల శాఖలో ఇంజనీరు. కాలువలకు అంచనాలు వేయడం అతని ఉద్యోగం. ఒకరోజు పాఠం ముగిశాక అతను అడిగాడు:

"గురువుగారూ, కర్మ, భక్తి, జ్ఞానం అని మూడు దారులు చెప్పిండ్రు. నాకు ఏది సరిపడుతదో తేల్చి చెప్పండి. అది తేలితే రేపే మొదలుపెడుత."

శాస్త్రిగారు ఇంట్లోకి ఒకసారి చూసి, "ముందు అమ్మను అంతర్వేదికి తీసుకపో. వచ్చినాక చెప్త," అన్నారు.

అమ్మ అంటే ఆయన భార్య అనసూయమ్మగారు. మా అందరికీ అన్నం పెట్టిన తల్లి. కాపురానికి వచ్చిన నాటి నుంచి గోదావరిలో మునుగుతున్నారు, ఈ నీళ్ళు చివరికి సముద్రంలో ఎక్కడ కలుస్తాయో, ఆ అంతర్వేదిని ఒక్కసారి కళ్ళారా చూడాలని ఆమె కోరిక. కోనసీమలో పనసాకు బుట్టల్లో ఉడికించే పొట్టిక్కలు వేడివేడిగా తినాలని ఇంకో చిన్న కోరిక. కానీ ఆమె కళ్ళకు నీటికాసుల జబ్బు. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంటి చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుపోతున్నదనీ, మందులతో కొంత ఆపగలమే కాని పోయిన చూపు తిరిగి రాదనీ కరీంనగర్ డాక్టరు చెప్పాడు. ఇదంతా దామోదర్‌కు తెలుసు. తెలిసి కూడా అతను చేసిన నిర్వాకం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడే వినాయక చవితి వెళ్ళింది. దసరా సెలవుల్లో పోదామన్నాడు దామోదర్. అమ్మ ఆ సాయంత్రమే రెండు చీరలు సంచిలో సర్దుకున్నారు. అతను మాత్రం కొత్త నోటుబుక్కు కొన్నాడు. కోనసీమకు పోయివచ్చిన ప్రతివాడినీ పట్టుకుని అడిగాడు. పొట్టిక్కలు ఏ ఊళ్ళో బాగుంటాయి, ఏ పూట పోతే వేడిగా దొరుకుతాయి, పూతరేకులు ముందు తినాలా తర్వాతా, సంగమం దగ్గర పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు. పదిమంది పది మాటలు చెప్పారు. పదీ రాసుకున్నాడు. దసరా వెళ్ళిపోయింది. ముంజలు తినకుండా కోనసీమ చూడటం దండగ అని ఎవడో అన్నాడట, ఇక ముంజల మీద పడ్డాడు. ముంజలు దొరికే కాలంలో ఎండ, ఎండ తగ్గే కాలంలో వాన, వాన లేని కాలంలో ముంజలు లేవు. ఈ మూడింటినీ ఒక కాగితం మీద ఎక్కించి, ఏడాదిలో సరైన వారం కోసం వెతికాడు. దొరికిన వారంలో మూఢం వచ్చింది. మూఢం లేని వారంలో సెలవు లేదు. సెలవున్న రోజు శనివారం అయింది. సోమ, శనివారాల్లో తూర్పుకు ప్రయాణం పనికిరాదు, శూల అంటారు. మాకు పంచాంగం నేర్పిన గురువుగారే అది చెప్పారు.

"ఎప్పుడు పోదాం నాయనా?" అని అమ్మ పాఠం ఉన్న ప్రతి రోజూ అడిగేవారు.

"అయిపోవచ్చిందమ్మా, ఒక్క పంటు సమయాలే తేలాలె," అనేవాడు. పంటు అంటే నది దాటించే పెద్ద పడవ. అది రోజూ తిరిగేదే. దానికి కూడా వేళలు తేల్చాలట!

ఆ నోటుబుక్కు లాక్కుని గోదాట్లో పారేద్దామని నాకు ఎన్నిసార్లు అనిపించిందో. కాని నిజం చెప్పాలి. నాకు కారు ఉంది. గురువుగారు పని చెప్పింది దామోదర్‌కు కదా అని నేనూ ఊరుకున్నాను. ఈ తిట్లలో సగం నాకు కూడా చెందుతాయి.

ఫాల్గుణ మాసంలో ఒక ఆదివారం పాఠానికి వెళ్తే తలుపుకు తాళం ఉంది. నిన్న తొలి బస్సుకే ఇద్దరూ అంతర్వేదికి పోయారని పక్కింటివాళ్ళు చెప్పారు.

"శనివారమా?" అన్నాడు దామోదర్. "తూర్పుకా?"



బుధవారం వాళ్ళు తిరిగి వచ్చారు. అమ్మ చీర అంచుకు ఇంకా ఇసుక ఉంది. వరంగల్‌లో రైలు తప్పిపోయి రాత్రంతా స్టేషన్లోనే కూర్చున్నారట. పొట్టిక్కలు దొరకలేదు, రేవు దగ్గర పెసరట్టు తిన్నారట. దామోదర్ నోటుబుక్కు చంకలో పెట్టుకుని ఇదంతా విన్నాడు. ఒక్కో మాటకూ అతని ముఖంలో బాధ పెరిగింది. అయ్యో, నా దగ్గర ఆ రైలు ఉండె, ఆ హోటలు ఉండె అన్నట్టు చూశాడు.

"సముద్రం కనపడ్డదా అమ్మా?" అని నేను అడిగాను.

"ఒక్కసారిగ మొత్తం కనపడలేదు నాయనా. తలుపు సందుల నుంచి చూసినట్టు ముక్క ముక్క కనపడ్డది. అందుకని తల ఆ కొస నుంచి ఈ కొస దాక తిప్పుకుంట చూసిన. మెడ నొచ్చింది గాని, నీళ్ళు ఒడవలేదు." అమ్మ నవ్వారు. తర్వాత తనలో తాను అనుకున్నట్టు, "దసరా అప్పుడైతే ఇంకింత వెడల్పు కనపడునేమో," అన్నారు.

నేను తల వంచుకున్నాను. దామోదర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కాని అంచనాలు వేసే బుద్ధి ఊరుకోనిస్తుందా?

"తప్పయింది గురువుగారూ," అన్నాడు. "కాని శనివారం తూర్పు శూల అని నాకు నేర్పింది మీరే గద."

శాస్త్రిగారు అమ్మ సంచిలోంచి తడి చీర తీసి, దండెం మీద ఆరవేస్తున్నారు. ఆ ముడతలు సరిచేయడం ఆపకుండానే అన్నారు:

"శూల పోయేటోళ్ళకు గద, దామోదరా. నీకెందుకు?"