మారెక్క ఇచ్చిన ఒక్క తడి

అనగనగా, గుట్టల కింద రాళ్ళమిట్ట అని ఒక పల్లె ఉండేది, బంగారూ. ఆ పల్లెకి ఏరు లేదు, కాలువ లేదు. వాన పడితే పంట, పడకపోతే బోరే దిక్కు.

ఆ పల్లెలో మారెక్క అని ఒకామె. ఆమె పెనిమిటి గొర్రెల మందను తోలుకుని గడ్డి ఉన్న చోటికి పోతే, నెలల తరబడి ఇంటికి వచ్చేవాడు కాదు. అందుకని చేనూ ఇల్లూ ముసలి అత్తా, అన్నీ మారెక్క చేతి మీదే నడిచేవి.

మారెక్కకి మూడెకరాల చేను. రెండున్నర ఎకరాల్లో చెనక్కాయ, అదే వేరుశెనగ, వేసేది. మిగిలిన అర ఎకరంలో వరి. సొంత మడిలో పండిన బియ్యం తినే ఇల్లు ఆ ఊళ్ళో అదొక్కటే. పచ్చగా ఊగే ఆ మడిని చూస్తే మారెక్కకి సగం ఆకలి తీరిపోయేది. ఎందుకంటే, ఆమె బోరు మంచి బోరు. కింద బిందె పెట్టి ఎనిమిది అంకెలు లెక్కపెట్టేలోపు నిండి పొర్లేది.

అప్పుడు రెండేళ్ళు వరసగా వాన మొహం చాటేసింది. ఊళ్ళో బోర్లు ఒక్కొక్కటే మూగబోయాయి. మారెక్క బోరు కింద బిందె నిండాలంటే పదిహేను దాకా లెక్కపెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇరవై అయిదు.

పక్క చేను వన్నూరప్పది. మంచి మనిషే, కాకపోతే తొందర ఎక్కువ. ఆ రెండేళ్ళలో మూడు బోర్లు వేశాడు. మొదటిదాంట్లో దుమ్ము లేచింది. రెండోదాంట్లో చెంబెడు బురద వచ్చి ఆగిపోయింది. మూడోదాంట్లో అదీ లేదు.

మూడో ఏడు విత్తనానికి సరిపడా ఒక వాన కురిసింది. చెనక్కాయ మొలిచింది, పూత పట్టింది. సరిగ్గా పూత నుంచి ఊడలు భూమిలోకి దిగి కాయ కట్టే వేళకి మబ్బులు ఎటో పోయాయి. ఆ వేళ ఒక్క తడి అందితే కాయ నిలుస్తుంది. అందకపోతే చెట్టు మిగులుతుంది, కాయ ఉండదు.

అప్పుడు వన్నూరప్ప నీళ్ళు చూసే మనిషిని పిలుచుకొచ్చాడు. ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. అది లేచి నిలబడిన చోట కింద నీళ్ళుంటాయని నమ్మకం. టెంకాయ ఎక్కడ లేచి నిలబడిందో తెలుసా? మారెక్క బోరుకి ముప్పై అడుగుల దూరంలో.

మారెక్కకి ఆ మాట తెలిసింది. మొదటి రోజు ఒళ్ళంతా మండిపోయింది. "నా బోరు గొంతు నులమడానికే వీడు పుట్టినాడు" అని అత్తతో అనింది.

రెండో రోజు ఊరి చుట్టూ తిరిగింది. ఎండిపోయిన బోర్లన్నీ చూసింది. ఒక బోరు పక్కన ఇంకో బోరు, దాని పక్కన మరొకటి. ఒకరికంటే ఒకరు లోతుకి పోయి, అందరూ ఎండబెట్టుకున్నారు.

మూడో రోజు తన బోరు దగ్గర చాలాసేపు కూర్చుంది. పైన గట్టు ఉంది కాబట్టి ఇది నా చేను, అది నీ చేను. కింద నీళ్ళకి గట్టెక్కడుంది? ఈ ముక్క ఆమెకి అప్పుడే బాగా తెలిసొచ్చింది. తెలిసొచ్చాక వరిమడి వైపు చూడడానికి భయమేసింది. ఎందుకంటే, ఏం చేయాలో కూడా తెలిసిపోయింది.

మరునాడు పొద్దున్నే బోరు లారీ వచ్చి వన్నూరప్ప చేలో నిలబడింది. మారెక్క గట్టు దాటి పోయింది.

"వన్నూరప్పా, బోరు వేయొద్దు. నీ చెనక్కాయకి తడి నేనిస్తా."

"ఊరికే ఎందుకిస్తావు వదినా?"

"ఊరికే కాదు. నువ్వు వేయకపోతే నా బోరు బతుకుతాది. అది బతికితే రెండు ఇళ్ళు బతుకుతాయి."

"నీ మడికే చాలడం లేదు కదా. నాకేం ఇస్తావు?"

మారెక్క తన వరిమడి వైపు చూసింది. అప్పుడు అంది, "మడి తీసేస్తా."

లారీ మీది మనుషులు కూడా పని ఆపి చూశారు. మారెక్క ఇంటికి పోయి బర్రెను విప్పి తెచ్చింది. పచ్చగా ఉన్న వరిలో దాన్ని వదిలిపెట్టి, తాను గట్టు మీద అటు తిరిగి కూర్చుంది. వన్నూరప్ప అది చూశాడు. లారీని పంపించేశాడు.

అర ఎకరం వరి తాగే నీళ్ళు ఎన్నో తెలుసా బంగారూ? వాటితో ఆమె చేను తడిసింది, వన్నూరప్ప నాలుగెకరాలూ తడిశాయి, ఇంకా మిగిలాయి. ఇద్దరూ కలిసి పైపులు పరిచి, వాన చినుకుల్లా నీళ్ళు చల్లించారు. రెండు చేలల్లోనూ కాయ నిలిచింది.

ఇంట్లో మాత్రం అత్త అలిగింది. బియ్యం లేవు కదా, కొర్రన్నం పెడితే మూడు రోజులు మాట్లాడకుండా తినింది. నాలుగో రోజు "ఇంకాస్త పులుసు పొయ్యి" అనింది. అప్పుడు మారెక్కకి ప్రాణం కుదుటపడింది.

ఇదంతా చూసి, ఆ మరుసటి ఏడు ఇంకా తొమ్మిది మంది వచ్చారు. కొత్త బోరు ఎవరూ వేయకూడదు, బోరు కింద ఎవరూ వరి పెట్టకూడదు, ఊడలు దిగే వేళ అందరి చేలకీ తడి అందాలి అని మాట అనుకున్నారు. చేను నుంచి చేనుకి పైపులు పాతుకున్నారు. చెనక్కాయ సాళ్ళ మధ్య కందీ అలసందా సజ్జా వేశారు, ఒకటి పోయినా ఒకటి నిలుస్తుందని. గుట్ట వాలులో అడ్డంగా కందకాలు తవ్వారు, పడిన వాన పరుగెత్తకుండా అక్కడే ఇంకాలని.

ఒక్కడే రాలేదు. దిగువ చేను ఆదెప్ప. అందరికంటే పెద్ద బోరు ఆయనదే. "నా నీళ్ళు నావి, మీ పైపు నా గట్టు దాటకూడదు" అన్నాడు.

ఆ ఏడే, ఊడలు దిగే వారంలో, ఆదెప్ప మోటారు కాలిపోయింది. బాగుచేసేవాడు పది రోజులన్నాడు. చెనక్కాయకి పది రోజులు ఆగే ఓపిక లేదు. ఆదెప్ప ఎవరినీ అడగలేదు. తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు.

మారెక్క పైపు భుజాన వేసుకుని బయలుదేరింది. వన్నూరప్ప అడ్డం వచ్చాడు.

"ఆ పెద్దమనిషి మనల్ని ఎంత మాటన్నాడో మరిచిపోయినావా వదినా?"

"మరిచిపోలేదు. ఆయన చెనక్కాయ నన్నేమన్నది?"

వన్నూరప్ప అడ్డం తొలగాడు. ఆ తర్వాత పైపు రెండో కొస పట్టుకున్నాడు. ఆదెప్ప చేను తడిసింది. ఆయన థాంక్స్ చెప్పలేదు, తలెత్తి చూడనూ లేదు.

ఆ తర్వాతి ఏడు అన్నిటికంటే గట్టి కరువు. కందకాల్లో నీళ్ళు నిలిచేంత వాన ఒక్కటే పడింది. ఒక పొద్దున మారెక్క మోటారు వేసింది. బోరు ఉస్సుమని గాలి కక్కింది. మళ్ళీ వేసింది, మళ్ళీ గాలే. మూడోసారి ఆమె మోటారు వేయలేదు. మడి తీసేసిన రోజు కూడా రాని ఏడుపు ఆరోజు వచ్చింది.

అప్పుడు ఎవరో దగ్గినట్టయింది. చూస్తే ఆదెప్ప. చేతిలో గునపం, వెనకాల ఇద్దరు కొడుకులు, వాళ్ళ భుజాల మీద పైపులు.

"మారెక్కా, మీ పైపు నా గట్టు దగ్గర ఆగిపోయింది కదా. ఎక్కడ కలపాలో చూపించు."

"నీ చేనుకి చాలతాయా మామా?"

"చాలకపోతే నీ దగ్గరికే వస్తా. ఇంకెక్కడికి పోతా?"

మధ్యాహ్నానికల్లా ఆదెప్ప బోరు నీళ్ళు ఎదురెక్కి మారెక్క చేనుకి వచ్చాయి. ఆమె వంగి ఆ నీళ్ళతో మొహం కడుక్కుంది. ఆ కరువులో చుట్టుపక్కల పల్లెలు ఎండిపోయాయి. రాళ్ళమిట్టలో మాత్రం ఏ ఇంటి గాదె కూడా పూర్తిగా ఖాళీ కాలేదు. ఒకరికి కాయ తగ్గింది, కంది వచ్చింది. ఇంకొకరికి కంది పోయింది, సజ్జ నిలిచింది. బతుకుతెరువు కోసం ఊరు విడిచి ఒక్కరూ పోలేదు.

ఆ తర్వాత వానలు బాగా పడ్డాయి. కందకాల్లో నీళ్ళు ఇంకాయి. మారెక్క బోరు కూడా దగ్గి దగ్గి, మళ్ళీ నీళ్ళు పోసింది. అయినా వరిమడి పెట్టలేదు. అక్కడ కొర్ర వేసింది.

అప్పుడు పక్క ఊరివాళ్ళు ట్రాక్టరెక్కి చూడటానికి వచ్చారు. "ఎన్ని పైపులు పట్టినాయి, ఎంత లోతున పాతినారు" అని అడిగారు. మారెక్క అన్నీ చెప్పింది. చెప్పి ఇలా అంది: "పైపుల సంగతి తర్వాత. ముందు మీ ఊళ్ళో ఒకరితో ఒకరికి మాటల్లేని గట్టు పొరుగోళ్ళు ఎవరో చూసి, వాళ్ళిద్దర్నీ ఒక చోట కూర్చోబెట్టండి. పని అక్కడ మొదలుపెట్టండి."

అంతే బంగారూ. ఇంక కళ్ళు మూసుకో.

కథ నడిచె కంచికి,
కాయ నడిచె సంచికి,
మనమొచ్చాం ఇంటికి,
నిద్దరొచ్చె కంటికి.