గంపలో ముగ్గురు రాజులు

ఒకానొక రాజ్యంలో పదకొండేళ్లలో నలుగురు రాజులు మారారు. ఏ రాజ్యమని అడగకండి. అక్కడ కాపురముంటున్న వాళ్లకే పొద్దున్నే దండోరా వింటే గాని ఆవేళ రాజెవరో తెలిసేది కాదు.

రాజుల గొడవ రాజులది అనుకుంటే సరిపోయేది. కానీ ఆ గొడవంతా తెచ్చి మరుళయ్య నెత్తిన పడేశారు. మరుళయ్య శివమఠంలో చరిత్ర రాసే అయ్యవారు. రాజ్యంలో జరిగినదల్లా తాటాకుల మీద గంటంతో గీసి దాచడం ఆ మఠంలో మూడువందల ఏళ్ల ఆనవాయితీ. తాటాకు మీద గీసింది చెరిపితే పోదు. ఒక్క పేరు మార్చాలన్నా ఆకు మొత్తం తీసేసి, కొత్త ఆకు మీద మొదటి నుంచీ గీయాలి. ఈ ముక్క రాజులకు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు!

రెండో రాజు వచ్చి మొదటి రాజు పేరు కనపడకూడదన్నాడు. మరుళయ్య ఆ ఆకులు తీసేశాడు. మూడో రాజు గోపరాజు వచ్చి రెండోవాడు అసలు పుట్టనే లేదన్నాడు. మరుళయ్య ఆ ఆకులూ తీసేశాడు. వేళ్లు బొబ్బలెక్కాయి, కళ్లకు మసకలొచ్చాయి.

ఇప్పుడు నాలుగోవాడు, ప్రచండ మల్లరాజు. నిన్నమొన్నటిదాకా గోపరాజు కొలువులో సేనాపతి. పట్టాభిషేకానికి పదిరోజులుందనగా మంత్రి దామన్నను మఠానికి తోలాడు.

"అయ్యవారూ, గోపరాజు పేరు చరిత్రలో ఎక్కడా ఉండకూడదని ప్రభువుల ఆజ్ఞ" అన్నాడు దామన్న.

"మళ్లీనా! నాయనా దామన్నా, కిందటిసారీ ఈ మాట పట్టుకొచ్చింది నువ్వే. అంతకు ముందూ నువ్వే. నీకు విసుగు పుట్టదా?"

"నాదేముంది స్వామీ, చెప్పమన్నది చెప్పడమే నా పని. తీయకపోతే మఠంలో ఉన్న కట్టలన్నీ మంటలో వేయిస్తామన్నారు."

మరుళయ్య అటకవైపు చూశాడు. మూడువందల ఏళ్ల కట్టలు అటక నిండా పేర్చి ఉన్నాయి. తన గురువు రాసినవి, ఆయన గురువు రాసినవి. అవి పోతే ఈ భూమ్మీద ఎవరు బతికారో, ఎవరు చచ్చారో చెప్పే దిక్కుండదు.

"సరే. గోపరాజు ఎక్కడా ఉండడు. అంతేగా? వెళ్లిరా" అన్నాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. పట్టాభిషేకం నాడు చరిత్ర రాసిన అయ్యవారే దాన్ని సామంతుల ఎదుట చదవాలి. చదవడం పూర్తయ్యాకే కిరీటం. మధ్యలో ఎవరు నోరు విప్పినా, రాజైనా సరే, మళ్లీ మొదటికి రావలసిందే.

ఆ రోజు రానే వచ్చింది. మల్లరాజు పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా, మీసం మెలేసుకుని కూర్చున్నాడు. మరుళయ్య కట్ట విప్పాడు. పక్కన ఒక మూతగంప పెట్టుకున్నాడు.

"శ్రీ ప్రచండ మల్లరాజుగారు ఎవరి కొలువులోనూ ఉండక, ఎక్కడినుండియో ఊడిపడిరి. పదివేల సేనతో కోటను ముట్టడించిరి. కోటలో రాజు లేడు. రాజు లేని కోట ముందర మూడు మాసములు ఘోరముగా యుద్ధము చేసిరి."

సామంతులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"గోడ మీదినుండి ఎవరును రువ్వని రాయి తగిలి వారి ఎడమ మోకాలు విరిగెను. నేటికినీ కుంటుచున్నారు. పిమ్మట గద్దె మీదినుండి ఎవరినీ దించక, తామే ఎక్కి..."

"ఆపవయ్యా!" రాజు గద్దె మీదినుంచి లేచాడు. "ఏమిటా రాత?"

మరుళయ్య నిట్టూర్చి ఆకులు వెనక్కి తిప్పాడు. "ప్రభువులు మాట్లాడారు. శ్రీ ప్రచండ మల్లరాజుగారు ఎవరి కొలువులోనూ ఉండక, ఎక్కడినుండియో ఊడిపడిరి..."

ఈసారి మోకాలి దగ్గరికొచ్చేసరికి వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "నవ్విందెవరు?" అని గర్జించాడు రాజు. మళ్లీ మొదటికొచ్చింది కథ.

జ్యోతిష్కుడు ముందుకొచ్చి, "ప్రభూ, ముహూర్తం దాటిపోతోంది" అన్నాడు.

"మరుళయ్యా! నన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తావా? మఠం తగలబెట్టిస్తాను!"

మరుళయ్యకు ఓపిక చచ్చిపోయింది. కట్ట కింద పెట్టేశాడు.

"నన్నేం చేయమంటారు ప్రభూ? గోపరాజు లేడని రాయమన్నారు. రాశాను. లేనివాణ్ణి మీరెలా గెలుస్తారు? లేనివాడి కొలువులో ఎలా ఉంటారు? మీ మోకాలు విరిచిన మనిషిని కూడా మీరే తీసేయించుకున్నారు. పదకొండేళ్లుగా ఇదే వరస! ఇదిగో చూడండి."

గంప మూత తీశాడు. లోపల తాటాకులు.

"ఇందులో ముగ్గురు రాజులున్నారు. అడుగున మొదటివారు, మధ్యన రెండోవారు, పైన గోపరాజుగారు. తీసేయమన్నారు గాని పారేయమని ఎవరూ అనలేదు. అందరూ మీలాగే ఆ గద్దె మీద కూర్చుని ఆజ్ఞ ఇచ్చినవారే. ఇంకొకరికి చోటుంది."

రాజు గంపలోకి వంగి చూశాడు. "ఆ చోటెవరికి?" అన్నాడు మెల్లగా.

"అయిదోవారు వచ్చి చెబుతారు."

మల్లరాజు ఒకసారి ఆ ఆకుల వంకా, మిగిలిన ఆ చోటు వంకా చూశాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఓరి అయ్యవారూ! అందరినీ ఎక్కడివాళ్లనక్కడ పెట్టెయ్. ఇకమీదట ఏ రాజు చెప్పినా మఠంలో ఆకు తీయడానికి వీల్లేదు. ఈ మాట కోట గుమ్మం ముందు రాతి మీద చెక్కించు దామన్నా. మరుళయ్యా, నీకు బంగారు గంటం ఇస్తున్నాను, పుచ్చుకో."

"బంగారం మెత్తన ప్రభూ, ఆకు మీద గీత పడదు. మంచి ఇనుముది ఇప్పించండి."

"అలాగే. కానీ, ఆ మోకాలి సంగతి ఒక్కటీ..."

మరుళయ్య తలెత్తి చూశాడు. గంప మూత ఇంకా తెరిచే ఉంది.

"సరే సరే, ఉండనీ! కానియ్, చదువు, ఆకలి దంచేస్తోంది" అన్నాడు మల్లరాజు నవ్వుతూ.

మరుళయ్య కొత్తగా గీసిన ఆకుల చోట ముగ్గురు రాజులనూ కట్టలో చేర్చి, ఖాళీ గంప బోర్లించి, దాని మీద కూర్చుని మళ్లీ మొదటి నుంచి చదివాడు.