కేకల దండు కట్టుబాటు

అనగనగా ఒక అడవిలో, పులికి కాళ్ళున్నంత కాలం మనకి గొంతుండాలని అనుకున్న జంతువులూ పక్షులూ కలిసి ఒక దండు కట్టాయి. దాని పేరు కేకల దండు. అందులో ఎవరికీ జీతం లేదు, బత్తెం లేదు. పులి ఎవరి కంట పడితే వాళ్ళు కేక వెయ్యాలి. విన్నవాళ్ళు దాన్ని పక్కవాళ్ళకి అందించాలి. అలా ఒక్క కేక అడవి ఈ చివర పుట్టి ఆ చివరికి చేరేది. దండులో ఒకరి ముఖం ఒకరు చూసినవాళ్ళు తక్కువే. గొంతులు మాత్రం అందరికీ తెలుసు.

అందరిలోకీ గట్టి గొంతు కొండముచ్చుది. మద్ది చెట్టు చిటారు కొమ్మన కూర్చుని అడవంతా కనిపెట్టి ఉండేది. దానికి ఒక్కటే జబ్బు. ఎవరైనా పొరపాటున కేక వేస్తే, "హిహిహీ, గుడ్డి మొహమా!" అని వెక్కిరించేది. విన్నదాన్ని అందించడమే అలవాటైన దండు కదా, ఆ వెక్కిరింతను కూడా చెట్టు చెట్టుకూ అందించేది! ఎదుటివాళ్ళ ముఖం కనపడనప్పుడు నోటికి హద్దేముంటుంది పిల్లలూ?

ఒకరోజు గడ్డి మైదానం దగ్గర కాపలా ఉండే కౌజు పిట్ట, గాలికి దొర్లే పండుటాకుల్ని చూసి "పులి! పులి!" అని అరిచింది. అంతే. కొండముచ్చు మొదలెట్టిన వెక్కిరింత అడవంతా చుట్టి, వంద గొంతులతో వచ్చి కౌజు చెవిలో పడింది.

కొన్నాళ్ళకి అదే గడ్డిలోంచి నిజంగానే పులి వచ్చింది. ఎవరూ కేక వెయ్యలేదు. చుక్కమ్మ అనే ఆడ దుప్పికి తోడబుట్టిన అక్క ఆ రోజు పోయింది.

చుక్కమ్మ ఏడ్చి ఏడ్చి, చివరికి లేచి కౌజు దగ్గరికి వెళ్ళింది.

"నీకు పులి కనపడలేదా?" అని అడిగింది.

కౌజు రెక్కలో తల దాచుకుంది. "కనపడిందక్కా. కాకపోతే మళ్ళీ అందరూ నవ్వుతారని నోరు పెగల్లేదు" అంది.

చుక్కమ్మకి ఆ పిట్టని అక్కడికక్కడే తొక్కేద్దామన్నంత కోపం వచ్చింది. కానీ ఆ గడ్డిలోనే తన పసికూన పడుకుని ఉంది. ఈ పిట్ట నోరు తెరవకపోతే రేపు దాని గతీ అంతే! కోపం దిగమింగింది.

"నీ నోరు నొక్కిందెవరో నాకు తెలుసు. ఈ సంగతి తేల్చందే నిద్రపోను" అంది.

దండు మొత్తాన్నీ వాగు ఇసుకలోకి రమ్మని కబురు పెట్టింది. అందరూ మొదటిసారి ముఖాలు చూసుకున్నారు. "ఇంత చిన్న పిట్టనా మనం అంతలా ఏడిపించింది!" అని నెమలి గొణుక్కుంది.

చుక్కమ్మ మధ్యలో నిలబడింది. "మనకొక కట్టుబాటు కావాలి. కేక తప్పయితే 'సరే, విన్నాం' అనాలి. అంతకుమించి ఒక్క మాట అనకూడదు. ఎవరైనా వెక్కిరిస్తే రెండోవాళ్ళు దాన్ని అందించకూడదు" అంది.

నక్క మూతి తిప్పింది. "ఊరికే చేసే చాకిరీకి కట్టుబాట్లు కూడానా? నవ్వాలన్నా నిన్నడగాలా వదినా?"

"నీ మీద నువ్వు నవ్వుకో మరిదీ, అడ్డెవరు?" అంది చుక్కమ్మ. నక్క తప్ప అందరూ నవ్వారు.

నెమలి ముందుకొచ్చింది. "వెక్కిరింత భయం పోతే ఆకు కదిలినా కేకేస్తారు. పరిగెత్తలేక చస్తాం."

ఆ మాటలో నిజముంది. చుక్కమ్మ ఒప్పుకుంది. "అయితే రెండు కేకలు పెట్టుకుందాం. కళ్ళారా చూస్తే 'పులి' అనాలి. అనుమానమైతే 'ఏదో ఉంది' అనాలి. దానికి పరిగెత్తక్కర్లేదు, తలెత్తి చూస్తే చాలు" అంది. నెమలి సరేనంది.

అప్పుడు తాబేలు తాత మెల్లగా మెడ చాచాడు. "అంతా బానే ఉందమ్మా. కొండముచ్చుని మాత్రం వదిలేద్దాం. పాలిచ్చే ఆవు తన్నినా ఓర్చుకోవాలి."

"పాలు అందరం తాగుతున్నాం తాతా. తన్నులు ఆ కౌజు ఒక్కతే తింటోంది" అంది చుక్కమ్మ.

కొండముచ్చు చివాల్న లేచింది. "నేను లేకపోతే మీ దండు వారం నిలవదు. కట్టుబాటు కావాలో, నేను కావాలో తేల్చుకోండి!"

ఆ గట్టి గొంతు పోతే ముందు ముప్పు తన బిడ్డకేనని చుక్కమ్మకి తెలుసు. అయినా తల దించలేదు.

"నువ్వూ కావాలి మామా. కట్టుబాటుకి లోబడి కావాలి" అంది.

కొండముచ్చు విసవిసా వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు గొణుక్కుంటూనే కట్టుబాటుకి ఒప్పుకున్నారు.

మర్నాడు కౌజు వణికే గొంతుతో "ఏదో ఉంది!" అంది. చూస్తే అడవి పంది. "సరే, విన్నాం" అంది దండు. ఇంకోసారి అంది. చూస్తే ఉడుము. నెమలి మెడ పట్టేసిందని విసుక్కుంది గానీ, "సరే, విన్నాం" అనే అంది. మూడోసారి కౌజు గొంతు వణకలేదు.

"ఏదో ఉంది... పులి! పులి!"

చుక్కమ్మ కూనని మూతితో నెట్టుకుంటూ వాగు దాటేసింది. పులి ఉత్త కడుపుతో వెనక్కి పోయింది.

ఆ సాయంత్రం కొండముచ్చు వచ్చి చుక్కమ్మ ఎదుట నిలబడింది.

"అలవాటు కొద్దీ నేను ఆ కొమ్మ మీదే ఉన్నాను. కౌజు కంటే ముందు నాకే కనపడింది. ఎండ కళ్ళలో పడి, పులో నీడో తేల్చుకోలేకపోయాను. నీడే అయితే నన్నందరూ ఏమంటారోనని నోరు మూసుకున్నాను." అది కూన వైపు చూసింది. "నీ బిడ్డ అక్కడుందని తెలిసి కూడా."

చుక్కమ్మ కూనని మూతితో దగ్గరికి తీసుకుంది. అక్క గుర్తొచ్చింది.

"'ఏదో ఉంది' అంటే సరిపోయేది మామా."

"ఆ మాట మీ దండుది కదా. నేను బయటివాణ్ణి."

"అందుకే లోపలికి రమ్మన్నాను. ఇప్పుడైనా రా. కానీ ముందు కౌజు దగ్గరికి వెళ్ళు" అంది చుక్కమ్మ.

కొండముచ్చు వెళ్ళింది. అంత పెద్ద శరీరాన్నీ వంచి, ఆ పిట్ట ముందు తల నేలకి ఆనించింది.

మర్నాడు మద్ది చెట్టు మీంచి "ఏదో ఉంది!" అని కేక వచ్చింది. అడవంతా తలెత్తి చూసింది. అది ఒట్టి మబ్బు నీడ! ఎన్నాళ్ళ కసో, అందరి నోళ్ళూ దురద పెట్టాయి. నక్క అప్పుడే పళ్ళికిలించింది. అంతలో గడ్డిలోంచి అందరికంటే ముందు ఒక సన్నని గొంతు పలికింది.

"సరే, విన్నాం!"

నీతి: వెక్కిరింతకి జడిసే చోట నిజం నోరు విప్పదు. అందరినీ కాపాడే కట్టుబాటుకి ఎంత గొప్పవాళ్ళైనా లోబడాల్సిందే.