పక్కవాడి ఎత్తు

"సార్, వాడిది వారంలో పైకి చేరింది. నాది ఆర్నెల్లు పాకాలి. నేనూ వాడి జట్టులోకి మారిపోతే తప్పేమిటి?" అని తారకం మా పెద్దాయన పినాకపాణి గారిని అడిగాడు. శిష్యులతో వాదన పెట్టుకోవడం ఆయనకు ఇష్టముండదు.

సంగతేమిటంటే, మా కేంద్రంలో ఇద్దరికి రెండు ఉపగ్రహాలు అప్పగించారు. విశ్వంభరానిది ఇంధనం మండించి ఎగిసే ఇంజను. వారం తిరక్కుండా తన కక్ష్యలో వెళ్లి కూర్చుంది. చప్పట్లు, లడ్డూలు, దండ, ఫొటో! తారకానిది కరెంటు ఇంజను. వాయువును సన్నగా వెనక్కి చిమ్ముతూ ముందుకు తోస్తుంది. ఆ తోపు అరచేతిలో పెట్టిన అప్పడం బరువంత. నెలల తరబడి తోస్తూనే ఉండాలి, రోజూ దిశ సరిచూడాలి. విశ్వంభరం పంచిన లడ్డూ తారకానికి గొంతు దిగలేదు. కడుపు మండిపోయింది పాపం, దాచుకోనూ లేదు. బదిలీ కాగితం రాసి తెచ్చాడు.

"పదిరోజులాగు," అన్నారు పినాకపాణి గారు. "అందాకా నీ పని నేను చూస్తాను. నువ్వు విశ్వంభరం ఉపగ్రహాన్ని చూడు."

మా గదిలో ఎన్ని కంప్యూటర్లున్నా, ప్రతి ఉదయం రెండు ఉపగ్రహాల ఎత్తులూ నల్లబల్ల మీద సుద్దముక్కతో రాయడం ఆచారం. తారకం ఛాతీ విరుచుకుని విశ్వంభరం వైపు 35,786 కిలోమీటర్లు అని రాశాడు. మర్నాడూ అదే. నాలుగోనాడూ అదే, విసుక్కున్నాడు. ఏడోనాటికి మాత్రం మొహం వెలిగిపోయింది. వచ్చినవాళ్లందరికీ బల్ల చూపించి, "అంత ఆర్భాటం చేసి వేలెడు కదిలిందా చూడండి!" అని నవ్వడం మొదలెట్టాడు. చేరాల్సిన చోటికి చేరాక ఇంకెక్కడికి కదులుతుందయ్యా అంటే వింటేనా! విశ్వంభరం ఆ మాటలు విని మొహం ముడుచుకుని వెళ్లిపోయాడు. అబ్బ, ఆరోజు తారకం ఆనందం చూడాలి!

పదోనాడు పరుగెత్తుకొచ్చాడు. "తెలిసింది సార్! వాడిది ఆగిపోయింది, నాది ఇంకా ఎక్కుతోంది. బదిలీ వద్దు. నా ఉపగ్రహం నాకిచ్చేయండి."

"ఎంత ఎక్కిందయ్యా?" అన్నారాయన.

 పదిరోజులూ ఆ బల్ల ముందే నిలబడ్డాడు తారకం. తన అంకె పక్కనే ఆయన రోజూ రాసిన అంకె ఒక్కటీ గుర్తులేదు.

"పద్నాలుగు వందల కిలోమీటర్లు," అన్నారు పినాకపాణి గారు. "ఇంకొన్నాళ్లు నా దగ్గరే ఉండనీ. నీకింకా విశ్వంభరంతో పని తీరలేదు."